గిర్ని అరుగు మీద పంతులమ్మ

మిర్యాలగూడలో మా వీధి పంతులమ్మ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట, "గట్టిగ వద్దు. గట్లనే మళ్ళ చదువు."

ఆమెకు వినికిడి తగ్గింది. మెడలో వేలాడే చెవి మిషన్ పెట్టుకుంటే మాటతో పాటు రొద కూడా పెరిగింది. రెండు తరగతులు ఒకే గదిలో ఎక్కాలు చదువుతుంటే, ఏ పిల్ల ఏమడుగుతుందో తెలియక సెలవు పెట్టింది. రొదలో మాట పట్టుకోవడం రోజూ సాధన చేయమన్నాడు దవాఖాన డాక్టర్. అందుకు నన్ను పిలిచింది.

"నీ గొంతు మరీ సన్నగుంటది బిడ్డా. అది దొరికితే అందరిదీ దొరుకుతది."

నలుగురిలో నోరు పెగలని నన్ను గొంతు కోసం పిలిచింది ఆమె ఒక్కతే.

సాయంత్రం పిండి గిర్ని నడిచే వేళ దాని అరుగు మీద కూర్చునేవాళ్ళం. నేను చదివితే, నా పెదాలు కనబడకుండా కళ్ళు మూసుకుని ఆమె తిరిగి చెప్పేది. రొద ఇంకా పెరగాలని వారానికోసారి ఆమె గిర్ని తలుపు వైపు జానెడు జరిగేది.

"పంతులమ్మా, చెవులు గూడ పట్టిస్తున్నరా?" అని గిర్ని ఆయన నవ్వేవాడు.

"వినపడ్డది. జర మెత్తగ పట్టు," అనేది కళ్ళు తెరవకుండానే.

సెలవు ముగిసే రోజు పుస్తకం మరిచి, చేతిలో ఉన్న నా డైరీలో నుంచే చదివాను. పేజీలో చివరి వాక్యం ఆమె గురించి రాసుకున్నదే. ఆపితే ఎందుకని అడుగుతుంది. గొంతు బాగా తగ్గించి చదివేశాను.

ఆమె ఒక్కో మాటా అప్పజెప్పింది: "పంతులమ్మకు ఇక బడి దక్కదేమోనని నాకు భయంగా ఉంది."

నేను తల దించుకున్నాను. ఆమె లేచి కొంగుకంటిన పిండి దులుపుకుంది.

"ఒక్క మాట గూడ పోలేదు బిడ్డా. రేపు బడికి పోత."