ఒడ్డున పిన్ని చెప్పులు

విజయనగరం నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ళ మా పిన్నికి ఈ రోజు మా శ్రీకాకుళం వైపు చూపించాను. అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలయ్యాక కళింగపట్నం సముద్రతీరానికి తీసుకెళ్ళాను. శనగలు కొనుక్కుని తిరిగొచ్చేసరికి నీటి అంచున ఆవిడ చెప్పులు మాత్రమే ఉన్నాయి. "పిన్నీ, పిన్నీ" అంటూ మోకాటి లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాను.

వెనక నుంచి పిలుపు వినిపించింది. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళ మధ్య పిన్ని తీరిగ్గా కూర్చుని ఉంది.

"దణ్ణం ఎట్టుకోడానికి నాను సెప్పులిప్పీసినాను. నువ్వేటమ్మీ, గంగమ్మ తల్లి కాడికి సెప్పులతోనే దిగిపోనావు?"

చూసుకుంటే నిజమే. ఇంటికొచ్చి దీపం పెట్టి, గంగమ్మకు చెంపలేసుకున్నాను. మీరైతే ఆ క్షణంలో చెప్పులు విప్పేవారా?