కరిచిందా అంటే లేదన్నాను

ఆరేళ్లుగా తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే నేను ఎత్తను. మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను. గ్యాస్ బండ తెచ్చిన అతను గేటు దగ్గర నిలబడి చేస్తుండవచ్చు. దూరపు చుట్టాలెవరో నంబరు మార్చి ఉండవచ్చు. తెలుసు. అయినా చేయి ముందుకు పోదు. ఫోన్ ఆగిపోయాక కాసేపు ఊపిరి సరిగ్గా ఆడదు. నా వయసు వాళ్లకు ఉండే ఆయాసమే అనుకుంటారు ఇరుగుపొరుగు. అది ఆయాసం కాదు. భయం. దేనికి భయమో ఈ ఆరేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది వనపర్తి. గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. పేరు రాయడం లేదు. రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి ఆపాను. పిరికితనం ఎక్కడిదక్కడే ఉందన్నమాట.

మా ఆయన పోయిన నాలుగో నెలలో మా వీధిలో ఉండే శ్రీలత ఒక కుక్కను తీసుకొచ్చింది. ఆమె పశువుల దవాఖానలో పనిచేస్తుంది. ఇంకో నలుగురితో కలిసి, దెబ్బలు తగిలిన కుక్కలను బాగుచేసి మంచి ఇళ్లకు ఇస్తుంటుంది. ఇది పెబ్బేరు సంతలో దొరికిందట. పశువులను దించే లారీ కింద, చక్రం పక్కన ముడుచుకుని ఉందట. వీపంతా కట్టె వాతలు. ఎర్రటి రంగు, ఒక చెవి చిరిగింది. మనిషి నీడ పడితే చాలు, ఉన్నచోటే ఒంటేలు పోసుకునేది.

"నలభై రోజులు ఉంచుకోండి పెద్దమ్మా. మనుషులంటే అలవాటు చేస్తే చాలు, తర్వాత నేను ఇల్లు చూస్త" అంది శ్రీలత. నాకు కుక్కలు తెలియవని చెప్పాను. "దానికి మనుషులు తెల్వరు. ఇద్దరికి ఇద్దరు సరిపోయిండ్రు" అని నవ్వి వెళ్లిపోయింది.

రాగి అని పిలిచాను. అది వెళ్లి మా ఆయన మంచం కింద దూరింది. మూడు రోజులు బయటకు రాలేదు. కుక్కర్ కూత పెడితే వణికేది. స్టీలు పళ్లెం చప్పుడైతే గోడకు అతుక్కునేది. శ్రీలత చెప్పినట్టే చేశాను. దాని వైపు చూడకుండా, వీపు పెట్టి నేల మీద కూర్చునేదాన్ని. గొంతు అలవాటు కావాలని, చేతిలో ఉన్న పుస్తకాన్ని పైకి చదివేదాన్ని. ఆయన పోయాక ఆ ఇంట్లో నా గొంతు నాకే వినిపించడం అదే మొదలు. పన్నెండో రోజున నా వెనక తడి ముక్కు తగిలింది. నేను కదలలేదు. చదువుతూనే ఉన్నాను. ఏం చదివానో గుర్తులేదు.

మెల్లగా చేతిలో పెరుగన్నం తిన్నది. మెడకు పట్టీ వేయించుకున్నది. గేటు దాకా, వీధి మలుపు దాకా నడిచింది. శ్రీలత ఒకసారి వచ్చి, "దీనికి ఏం సదివి వినిపిస్తున్నరు పెద్దమ్మా, రేపో ఎల్లుండో డిగ్రీ పరీక్ష రాసేటట్టున్నది" అంది. నేను నవ్వాను. నవ్వినందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

ఇక్కడ గొంగడి గురించి చెప్పాలి. మా ఆయన వాళ్లది గొర్లు కాసిన ఇల్లు. మా మామగారి నల్ల గొంగడి ఒకటి ఆయన దాచుకున్నారు. వాళ్లలో గొంగడి అంటే కేవలం కప్పుకునేది కాదు. పెళ్లిలో పరుస్తారు, దేవుడి ముందు పరుస్తారు. చెప్పుల కాలు తగిలితే ఆయన ఊరుకునేవారు కాదు. చివరి నెలల్లో ఆయన దాన్నే కప్పుకుని పడుకున్నారు. ఆయన పోయాక బట్టలన్నీ ఇచ్చేశాను. గొంగడి మాత్రం మంచం మీద ఉంచాను. రాగి దాన్ని కిందికి లాక్కుని, దానిమీద పడుకోవడం మొదలుపెట్టింది. మొదట నేనేమీ అనలేదు. అది నిద్రపోవడమే అరుదు. దాని మీద మాత్రం నిద్రపోయేది.

ఇల్లు దొరకక, నలభై రోజులన్నది రెండు నెలలు దాటింది. ఒక మధ్యాహ్నం నాకు ఆ గొంగడి కావాలనిపించింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. దానికి ఇంకా ఆయన వాసన ఉందేమో చూసుకోవాలనిపించింది. రాగి దానిమీద నిద్రపోతోంది. లేపాలి కదా? పేరు పెట్టి పిలవాలి కదా? లేపలేదు. అది నాది, నా మనిషిది, నువ్వెవరు అన్న కోపంతో ఒక్క గుంజు గుంజాను.

రాగి నా ఎడమ మణికట్టును పళ్లతో పట్టుకుంది. వదిలాక అదే ఎక్కువ భయపడింది. మంచం కిందికి వెళ్లి, ఆ పూటంతా వణుకుతూనే ఉంది.

దవాఖానకు ఒక్కదాన్నే వెళ్లాను. వీధి కుక్క అని చెప్పాను. సూదులన్నీ వేయించుకున్నాను. శ్రీలతతో కత్తిపీటకు తెగిందన్నాను. నిజం చెబితే రాగిని తీసుకెళ్లి మళ్లీ జాలీ బోనులో పెడతారని, దాని మంచికే దాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. కానీ ఒక దుప్పటి కోసం భయపడ్డ జంతువుతో కొట్లాడానని చెప్పుకోవడానికి సిగ్గు. దానికంటే లోపల ఇంకొకటి. ఆ రోజు నుంచి నాకు అదంటే భయం పుట్టింది. అది వెళ్లిపోతే బాగుండు అనుకున్నాను. కరిచే కుక్క అని తెలిస్తే ఎవరు తీసుకెళ్తారు?

తీసుకెళ్లడానికి లింగాల దగ్గరి ఊరి నుంచి వచ్చారు. పల్లికాయ పండించే రైతు, అతని ఏడేళ్ల కూతురు మానస. ఆ పిల్ల నేను చూసినవాళ్లందరిలోకి నెమ్మదైన పిల్ల. చెప్పకముందే నేల మీద కూర్చుంది. రాగి వైపు చూడకుండా అరచేయి చాచి పెట్టింది. ఎంతసేపైనా అలాగే ఉంది. రాగి వచ్చి వాసన చూసింది. "నాయినా, దీని ముక్కు సల్లగున్నది" అంది గుసగుసగా, గుడిలో మాట్లాడినట్టు.

ఇంట్లో ఇంకెవరుంటారని శ్రీలత అడిగింది. భార్య, తండ్రి ఉంటారని, తండ్రి ఇప్పటికీ గొర్లు కాస్తాడని అతను చెప్పాడు. నేను విన్నాను. బాగా విన్నాను.

శ్రీలత వాళ్ల కాగితం ఒకటి ఉంటుంది. కుక్కను ఉంచుకున్నవాళ్లు నింపాలి. ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, టీకాలు అయ్యాయా. తొమ్మిదో ప్రశ్న: ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా? దాని ఎదురుగా ఖాళీ గడి. మణికట్టు మీద చీర కొంగు కప్పుకుని, నా గుండ్రటి అక్షరాలతో 'లేదు' అని రాశాను. చేయి వణకలేదు. వణికి ఉంటే శ్రీలత చూసేది.

కొత్త ఇంట్లో బెదరకుండా, అలవాటైన వాసన ఉన్న గుడ్డ ఒకటి కుక్కతో పంపాలి. అది వాళ్ల పద్ధతి. నేను గొంగడిని మడిచి సంచిలో పెట్టాను. నా చేతులతోనే. అది కళ్ల ముందు ఉంటే మణికట్టు సలిపేది. గొర్లు కాసే ముసలాయన ఉన్న ఇంట్లోకి, కుక్క పడుకునే గొంగడిని పంపిస్తున్నాను. ఆ ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని కుక్క కింది నుంచి గుంజుతారని నాకు తెలియదా? ముప్పై ఏళ్లు అలాంటి మనిషితో కాపురం చేసినదాన్ని. తట్టలేదని చాలాకాలం చెప్పుకున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, తట్టింది. తట్టినదాన్ని పక్కకు నెట్టాను. నిద్రలో ఉన్నప్పుడు కింది గుడ్డ లాగకండి. ఈ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

పదిహేడో రోజున ఫోన్ వచ్చింది. పొద్దున పదకొండు గంటలకు.

"అమ్మా, మానస వాళ్ల నాయినను మాట్లాడుతున్న."

"చెప్పండి."

"రాగి బిడ్డను కరిచిందమ్మా. మా నాయిన గొంగడి మీద కుక్క పండుడేందని వచ్చిన్నాటి నుంచి లొల్లి పెడుతుండు. పొద్దుగాల బిడ్డ పోయి గుంజింది. ముంజేయి పట్టుకున్నది."

అతని వెనక మనుషుల గొంతులు వినిపిస్తున్నాయి.

"దవాఖానకు తీస్కపోయినం, సూది ఏసిండ్రు. కుక్కను కట్టేసి పది దినాలు చూడుమన్నడు డాక్టరు. గని ఊర్లె ఇంటలేరు. పిచ్చి లేసిందంటున్నరు. కట్టెలు పట్టుకొని వాకిట్ల నిలబడ్డరు. అందుకే అడుగుతున్న. మీ కాడ ఎన్నడన్న గిట్ల కరిచిందా? కరిచుంటె కరిచిందని చెప్పుండ్రి, మేమేం అనుకోం. దాని గుణమే గంత, పిచ్చి గాదని వీళ్లకు చెప్పుకుంట. జర నిజం చెప్పుండ్రమ్మా."

అతను అన్నీ విప్పి నా చేతిలో పెట్టాడు. అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో. నాకు అర్థం కాలేదని ఎవరి ముందూ చెప్పలేను.

కానీ ఆ క్షణంలో నాకు కనిపించింది ఆ తొమ్మిదో ప్రశ్న. నా అక్షరాలు. ఆ కట్టెలు పట్టుకున్నవాళ్లు నా గేటు ముందు నిలబడడం. తెలిసి తెలిసి చిన్నపిల్ల ఉన్న ఇంటికి పంపావా అని శ్రీలత అడగడం.

"లేదు" అన్నాను.

"ఎన్నడు గూడ?"

"ఎన్నడూ లేదు."

"ఏమంటున్నదిరా?" అని వెనక ఎవరో అడిగారు. "ఎన్నడు కరవలేదట" అన్నాడు అతను. "చూసినవా మరి! సాదు కుక్క ఉత్తగనే కరుస్తదా? లేసింది దానికి" అన్నది ఆ గొంతు. తర్వాత అతను నాతో, చాలా మెల్లగా, "సరే అమ్మా" అన్నాడు. కొద్దిసేపు ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఆ కొద్దిసేపు ఇప్పటికీ అయిపోలేదు. ఆగండి అనవచ్చు. నా గొంతు అక్కడే ఉంది. రాగి కోసం రోజూ పైకి చదివిన గొంతు. రాలేదు.

మధ్యాహ్నం కాకముందే కొట్టి చంపేశారు. గొంగడి కూడా దానితోనే కాల్చేశారట. శ్రీలత ఏడుస్తూ చెప్పింది. "టీకాలు అన్ని ఏసిన పెద్దమ్మా, కార్డు గూడ ఇచ్చిన. ఎందుకట్ల అయిందో నాకు తెల్వదు. మీ కాడ ఎంత మంచిగుండె" అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఎడమ చేత్తోనే.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాతి సంగతే నన్ను ఎక్కువ తినేసింది. మానసకు సూదులన్నీ పడ్డాయి. ఏం కాదని డాక్టరు చెప్పారు. అయినా తల్లికి నమ్మకం కుదరలేదు. పిచ్చికుక్క కరిస్తే నీళ్లంటే భయం పుడుతుందని ఎవరో చెప్పారట. ఇక రోజూ పొద్దున లేవగానే ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి, గ్లాసు నీళ్లు చేతికిచ్చి, తాగేదాకా గొంతు వైపే చూసేదట. తల్లి ముఖం చూసి పిల్లకు భయం. భయపడితే నీళ్లు పొలమారడం. పొలమారితే తల్లి కేకలు. నెలలకు నెలలు. ఏడాది దాటిందని శ్రీలత చెప్పింది.

ఆ గ్లాసును నేను ఒక్క ఫోన్‌తో దించగలిగేదాన్ని. అదే కుక్క నన్నూ కరిచింది, ఇలాగే గుంజితేనే, నేను బతికే ఉన్నాను, దానికి పిచ్చి లేదు, నిద్రలో భయపడింది. ఇంతే. ఎన్నిసార్లు ఆ నంబరు నొక్కి, మోగకముందే ఆపాను? ఒకసారి బస్సెక్కి నాగర్‌కర్నూల్ దాకా వెళ్లాను. లింగాల బస్సు ఎదురుగా ఆగింది. కండక్టర్ "అమ్మా, లింగాలకేనా?" అని అడిగాడు. కాదన్నాను. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో చూశారా? వెనక్కి వచ్చేశాను.

నేను చాలా చదివినదాన్ని. తప్పులు చేసినవాళ్ల గురించీ చాలా చదివాను. అదేమీ ఆ పూట నాకు ఒక చిన్న మాట ఇవ్వలేదు. మనిషి పోయిన దుఃఖంలో ఉంది పాపం, ఆమెకేం తోచి ఉండదు అని మీరు అనుకోవచ్చు. వద్దు. దుఃఖం నన్ను అబద్ధమాడమనలేదు. భయం ఆడించింది. భయపడ్డ కుక్క కరిచింది. భయపడ్డ నేను లేదన్నాను. మా ఇద్దరిలో దానికి శిక్ష పడింది.

మానసకు ఇప్పుడు పదమూడు. బడికి పోయే దారిలో కుక్క కనబడితే కదలకుండా నిలబడిపోతుందట. "నేను గుంజబట్టి దానికి పిచ్చి లేసింది" అంటుందట ఇప్పటికీ. తాత ఆ ఏడాదే మాట తగ్గించేశాడట. వాళ్లందరూ నా తప్పును పంచుకుని మోస్తున్నారు, నాదని తెలియక.

రేపు శ్రీలతకు ఇది ఇస్తాను. ఇస్తానో లేదో నాకు నమ్మకం లేదు, అందుకే ముందు మీకు రాశాను. ఇచ్చాక ఆమె నా ముఖం చూడకపోవచ్చు. మానస వాళ్ల నాయిన ఫోన్ చేయవచ్చు. ఎత్తాలి. తేలికపడ్డానని చెప్పను. ఆరేళ్లుగా బిగబట్టిన ఊపిరి మాత్రం ఒక్కసారి బయటకు వచ్చింది.

తొమ్మిదో ప్రశ్న. ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా?

కరిచింది. నన్ను. నిద్రలో ఉండగా గొంగడి గుంజితే. దానికి పిచ్చి లేదు.