మావయ్య కారుకి పట్టిన వణుకు

ఆ రోజుల్లో మా దివిసీమలో కారున్నాయన ఇల్లెక్కడంటే చిన్నపిల్లాడైనా దారి చూపించేవాడు. అలాంటి ఇంటికి నేను డ్రైవరుని. మీసం సరిగా రాని వయసు, వేలిముద్రే తప్ప సంతకం రాదు (అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి, రాత కాస్త గతుకుగా తగిలితే సర్దుకోండి). కానీ స్టీరింగు పడితే నాగాయలంక నుంచి గుడివాడ దాకా నా అంతవాడు లేడని నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే.

యజమానిని మావయ్యా అని పిలిచేవాణ్ణి. చుట్టం కాదు, మా వైపు పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు. మంచి రైతు, అంతకు మించి పంతం మనిషి. ఆ ఏడు నూర్పిళ్ళ వేళకి ఊళ్ళో ఉన్న ఒక్క ట్రాక్టరూ ముందు ఎదురింటాయన కళ్ళంలోకి వెళ్ళింది. మావయ్య మీసం దువ్వి, "మనకి కారుంది కదరా. పనలు పరిపిస్తాను, తొక్కించు" అన్నాడు. "కారుతోనా మావయ్యా" అన్నాను. "ఎద్దు తొక్కితే రాలే గింజ కారు తొక్కితే రాలదా" అన్నాడు. తడారని కళ్ళంలో, వరి పనల మీద, ఆ తెల్ల కారుని గానుగెద్దులా తిప్పాను. గింజ రాలింది. మావయ్య ఎదురింటి వైపు తిరిగి గట్టిగా దగ్గాడు.

ఆ తర్వాతే కారుకి వణుకు పట్టుకుంది. మెల్లగా పోతే ఏమీ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని ఏక్సిలేటరు తొక్కి వేగం అందుకోగానే సీట్లు, అద్దాలు, లోపల కూర్చున్నవాళ్ళ బుగ్గలు అన్నీ కలిసి ఊగేవి. "మజ్జిగ చిలికే పని తప్పిందిరా అబ్బాయ్. ఇక్కడ పెరుగు క్యారియరు ఎక్కిస్తే గుడివాడలో వెన్న తేలుతోంది" అనేది అత్తయ్య. ఎవరికి తోచిన రోగం వాళ్ళు చెప్పారు. అత్తయ్య దిష్టి అంటే నిమ్మకాయలు కట్టాం, నిమ్మకాయలూ వణికాయి. ఎదురింటాయన పెట్రోల్లో కల్తీ అన్నాడు. గుడివాడలో పానా బావ (మెకానిక్కు. చేతిలో పానా లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు) ప్లగ్గులు మార్చి, కార్బురేటరు కడిగి, "ఇంజను పెళ్ళికొడుకులా ఉంది బావా, ఇంక నన్నడక్కు" అన్నాడు. పామర్రు దాటగానే పెళ్ళికొడుకు మళ్ళీ వణికాడు.

ఇంటికి రాగానే మావయ్య తేల్చేశాడు. "రేపు పామిడిముక్కల నుంచి బేరం వస్తోందిరా. అమ్మేస్తాను. కారు లేకపోతే డ్రైవరెందుకు, నువ్వు గేదెల్ని చూసుకో." గేదెలంటే నాకేం ద్వేషం లేదు. కానీ మా అమ్మ అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మావాడు కారు డ్రైవరని చెప్పేసుకుంది. ఆ మాట వెనక్కి తీసుకోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

తెల్లారగానే కారు దగ్గరికి పోయాను. కదలకుండా నిలబెట్టి ఏక్సిలేటరు తొక్కాను. వణుకు లేదు. అంటే ఇంజను తప్పు కాదు, పానా బావ మాట నిజం. రోడ్డెక్కి వేగం అందుకున్నాక గేరు తీసేసి వదిలాను. వణుకు పోలేదు. అయితే కారు కదిలితే తిరిగేదేదో తేడాగా ఉంది. చక్రాల లోపలి మట్టి గీకి, నట్లు బిగించి మళ్ళీ నడిపాను. అదే ఊగులాట. ఇక మిగిలింది షాఫ్టు, అంటే ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి అందించే పొడుగాటి ఇనుప గొట్టం. గోనె పరుచుకుని కిందికి దూరాను.

షాఫ్టుకి వరిగడ్డి తలపాగాలా చుట్టుకుని ఉంది. దాని మీద కళ్ళంలోని రేగడి మట్టి మెత్తుకుని, ఎండి, ఒక పక్క రాలిపోయి ఇంకో పక్క ముద్దగా మిగిలింది. ఒకవైపే బరువుంటే తిరగలి రాయైనా ఎగురుతుంది కదా. కొడవలితో కోసి లాగితే చంకలో పట్టేంత మోపు వచ్చింది.

దాన్ని తెచ్చి కాఫీ తాగుతున్న మావయ్య ముందు పడేశాను. "దిష్టి కాదు మావయ్యా, గడ్డి. మన గడ్డే." అత్తయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య ఆ మోపుని అటూ ఇటూ తిప్పి చూసి, "గింజలేమన్నా మిగిలాయేమో దులిపి చూడరా" అన్నాడు.

మధ్యాహ్నం బేరగాడు వచ్చాడు. మావయ్య ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, తను అత్తయ్యతో, ఆవిడ పెరుగు క్యారియరుతో వెనక ఎక్కి, "పోనీరా" అన్నాడు. పులిగడ్డ వైపు ఆపకుండా తొక్కాను. పెరుగు పెరుగులాగే ఉంది. దిగాక ఆ పెద్దమనిషి, "బండి బాగుందండీ, ఎంతకిస్తారు" అన్నాడు. మావయ్య మీసం దువ్వాడు. "ఎందుకివ్వాలండీ, మాకు డ్రైవరున్నాడు" అన్నాడు. (కారుంది అనలేదు, డ్రైవరున్నాడు అన్నాడు. ఆ మాట ఆ సాయంత్రమే మా అమ్మకి చేరవేశాను. మిగతా ఊళ్ళకి ఆవిడ చేరవేసింది.)

ఇప్పుడు కళ్ళాలూ లేవు, కోత మిషన్లొచ్చాయి. వణుకు మాత్రం నాకొచ్చింది. నిలబడితే బాగానే ఉంటాను, నాలుగడుగులు వడిగా వేస్తే మోకాళ్ళు ఊగుతాయి. డాక్టరుగారు, "వయసండీ" అన్నారు. "పైపైన చూసి అందరూ ఏదో ఒకటి అంటారండీ, కిందికి దూరి చూశారా" అన్నాను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం, ఎవరూ చూడకుండా పంచె కాస్త పైకెత్తి మోకాళ్ళ కింద ఒకసారి తడుముకున్నాను.

గడ్డేమీ లేదు.