పచ్చ పిన్ను

మా ముత్తాత పుంగనూరు వైపు ఐదు ఊళ్లకు మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాత, జాతరలో మొదటి తాంబూలం అందుకున్న మనిషి. ఆయన వచ్చి కూర్చునేదాకా డప్పు మొదలయ్యేది కాదు. మా నాన్న ఆ ఇంట చివరి మునసబు. ఆ పదవులు రద్దయ్యాక కూడా పెద్దపంజాణి వీధుల్లో ఆయన ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవారు. ఆయనకు కొడుకులు లేరు. నేనొక్కదాన్నే.

ఇప్పుడు మదనపల్లెలో ఒక మేడ మీద రెండు గదుల్లో అద్దెకు ఉంటున్నాను. కింద ఇంటాయన ఉంటాడు. కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి మా నాన్న దగ్గర జీతగాడిగా ఉన్నవాడు. ఇల్లు చూసుకునేటప్పుడు నాకా సంగతి తెలియదు. తెలిసేసరికి సామానంతా పైకి చేరింది. దాన్ని మళ్లీ కిందికి దించే ఓపిక లేకపోయింది.

నా టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టు ఒకటే. కేబుల్ వాళ్ల సెట్‌టాప్ బాక్సుకూ, సీరియళ్లు వచ్చే స్టిక్కుకూ అదే దిక్కు. వార్తలు కావాలంటే స్టిక్కు పీకాలి, సీరియల్ కావాలంటే బాక్సు వైరు పీకాలి. టీవీని గోడకు బిగించేశారు. వెనక చెయ్యి పట్టీ పట్టని సందు. రోజుకు రెండుసార్లు చెంప గోడకు ఆనించి, కంటికి కనపడని పోర్టును వేలితో తడుముకునేదాన్ని. వంగడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. చివరికి వార్తలు మానేశాను.

ఇలా ఉండగా కుప్పం నుంచి మా అత్త, నాన్న చెల్లెలు, ఫోన్ చేసింది. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదాని నరం కూడా ఎండిపోతోందని, ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరు చెప్పాడట.

"మే, మీ నాయన షష్టిపూర్తి క్యాసెట్టు నీ దగ్గరే గదా ఉండాది? కన్ను ఉండంగానే మా అన్నను ఒగసారి సూసుకుంటా. ఆదివారం వస్తాండా."

క్యాసెట్టు ఉంది. పుంగనూరులో బాగు చేయించిన వీసీఆర్ కూడా దుప్పటి చుట్టి అటక మీద ఉంది. నాన్న నడుస్తూ మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

వి.కోటలో ఒకసారి, పలమనేరులో ఒకసారి బస్సు మారి అత్త మధ్యాహ్నానికి వచ్చింది. మంచినీళ్లయినా తాగకుండా, టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అంతకన్నా దూరమైతే ఆమెకు కనపడదు.

వీసీఆర్ వైరుకు మూడు పిన్నులు: పసుపు, ఎరుపు, తెలుపు. టీవీ పక్కన ఐదు రంధ్రాలు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, మళ్లీ ఇంకో ఎరుపు, తెలుపు. పసుపు రంధ్రం లేనే లేదు. తోచినట్టల్లా మార్చి మార్చి పెట్టాను. కాసేపటికి నాదస్వరం మోగింది గానీ బొమ్మ రాలేదు.

"సప్పుడు వస్తాండాది, మనుషులు యాడ మే?" అంది అత్త. నేను ఇంకా వైర్లు పట్టుకుని ఉండగానే లేచి మెట్ల దగ్గరికి పోయి కేకేసింది. "అప్పా, కరెంటు పని చేసినోడివంట గదా. ఒగసారి పైకి రాప్పా!"

ఆయన వచ్చాడు. గడప బయట ఆగాడు. ఆ గడప ఆయనదే. కొళాయి కారుతోందని చెప్పినా వచ్చి అక్కడే ఆగుతాడు. లోపలికి రమ్మని నేను ఎప్పుడూ అనలేదు. ఆ రోజూ అనలేదు.

"పచ్చ పిన్ను పచ్చదాంట్లో పెట్టమ్మా," అన్నాడు అక్కడి నుంచే.

"పచ్చ పిన్ను లేదే."

"మూడిట్లో ఒగటి పచ్చే గదమ్మా."

"అది పసుపు."

"అదేనమ్మా పచ్చంటే."

"మరి ఈడుండేది ఆకుపచ్చ."

"అదీ పచ్చేనమ్మా."

అత్త నవ్వింది. "పసుపు పూసిన కాళ్లూ పచ్చగానే ఉంటాయి, వరి మడీ పచ్చగానే ఉంటాది. ఈమె పెద్ద సదువు సదివి పచ్చ మర్సిపోయిందప్పా."

నాకు ఒళ్లు మండింది. ఏ రంగుది ఆ రంగులోనే ఉండాలన్నది నేను పుట్టి పెరిగిన పద్ధతి. అయినా పసుపు పిన్ను తీసి ఆకుపచ్చలో పెట్టాను. బొమ్మ వచ్చింది, నలుపు తెలుపుల్లో.

"రంగులేమైపోయినాయి? మా అన్న నాకు పెట్టిన చీర కుంకుమరంగుది!"

"టేపు పాతదైపోయింది అత్తా. రంగు పోయింది," అన్నాను. అప్పటికే నడుము పట్టేసింది. ఈ మాత్రం చాలనుకున్నాను.

"టేపు బాగుండాదమ్మా," అన్నాడు బయటి నుంచి ఆయన. "టీవీ వేరేదాంట్లో ఉండాది. రిమోట్‌లో సోర్సు నొక్కి ఏవీ అనేది పెట్టు."

నొక్కాను. ఒకటి దాటి ఇంకోదానికి పోయింది. తెర నీలంగా మారింది. మళ్లీ నొక్కాను, మళ్లీ నీలం. అక్షరాలు మరీ సన్నం. టేపు మాత్రం లోపల తిరిగిపోతూనే ఉంది. అత్త ఆ ఒక్క కన్నూ నీలం తెర మీదే పెట్టుకుని ఉంది.

"మే, నా కన్ను పోయేదాకా ఆయప్పను గడప అవతలే నిలబెడతావా?"

"లోపలికి రాప్పా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన వచ్చి రిమోట్ తీసుకుని రెండుసార్లు నొక్కాడు. రంగు వచ్చింది.

నాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. అత్త ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి జరిగింది. "మీసం కత్తిరించుకోమని ఆ పొద్దే చెప్పినా. వినలే సూడు," అంది.

కెమెరా పందిరి కొసకు తిరిగింది. చివరి గుంజకు అవతల, ఎండలో, తువ్వాలు చంకలో పెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"ఆడ నిలుపమ్మా," అన్నాడు ఇంటాయన.

నిలిపాను. నిలిపిన బొమ్మ సన్నగా వణుకుతోంది.

"మా నాయన. మా ఇంట్లో ఆయప్పది ఫోటో కూడా లేదమ్మా."

ఆయన్ని కూర్చోమన్నాను. రెండో కుర్చీ లేదు. మంచం మీది బట్టలు పక్కకు తీశాను. అంచున కూర్చున్నాడు. క్యాసెట్టును వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. నాన్న దగ్గర అత్త కోసం ఆపాను, గుంజ దగ్గర ఆయన కోసం ఆపాను. అలా మూడుసార్లు.

మూడోసారి అత్త నాన్న వెనక ఉన్న మా ఊరి ఇంటి నడవను చూసింది. "ఆ రాతి స్తంభాలు ఎట్ల నిగనిగలాడతాండాయో సూడు. ఈ తూరి ఊరికి తీసకపో మే. కంటికి కనపడకపోయినా చేత్తో తడిమి సూసుకుంటా."

ఇంటాయన తల వంచుకున్నాడు. ఊళ్లో అందరికీ తెలిసినట్టే ఆయనకూ తెలుసు. తెలియనిది అత్తకే. ఇక దాచలేక చెప్పేశాను.

ఆ నాలుగు స్తంభాలనూ, వాటితోపాటు తలవాకిలి ద్వారబంధాన్నీ, నాన్న పోయిన మరుసటి ఏడాది నేనే అమ్మేశాను. పలమనేరు దగ్గర హైవే పక్కన హోటలు కట్టుకుంటున్న ఒకాయన కొని లారీలో వేయించుకుపోయాడు.