స్విచ్చులు లేని శ్రావణ శుక్రవారం

పసుపు కుంకుమలతో, పట్టుచీరతో, సకల మర్యాదలతో పీటమెక్కిన వరలక్ష్మీదేవిని చీకట్లో కూర్చోబెట్టిన ఘనుడెవడైనా ఉన్నాడా అని మీరు భూగోళమంతా గాలించనక్కరలేదు. ఈ వాక్యం రాస్తున్నది అతడే. ఆ మహాకార్యం బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లోని మా మేడమీది అద్దెయింట, నిండు పేరంటంలో జరిగింది. అప్పటికి నేను ఇప్పటికన్న కొన్నేళ్లు చిన్నవాణ్ణి. తెలివి విషయంలో ఇంకా పుట్టనే లేదు.

ప్రాచ్య కళాశాలలో చదువుకొని, ఇక్కడి మనవాళ్ల పిల్లలకు సంస్కృతం చెప్పుకొని బతికేవాణ్ణి. విభక్తులన్నీ వశమైనవాడికి విద్యుత్తు వశం కాదా అన్న ధీమా నాకు బలంగా ఉండేది. ఆ యేడు నా భార్య కామేశ్వరి నన్ను కోరినది ఒక్కటే.

"ఏమండీ, హాల్లో అమ్మవారిని పెట్టేచోట వెలుతురు చాలదు. ఒక మంచి బల్బు వేయించండి. పాపం, ఆ ఆడపిల్లలు ఏడాదికొక్కసారి వస్తారు."

ఆడపిల్లలంటే ఇక్కడి ఇళ్లలో పనిచేసుకొనే మన కోస్తా స్త్రీలు. శుక్రవారం సాయంత్రం కొంచెం తెరిపి దొరకడమే వాళ్లకు గగనం. ఆ కాసేపు పుట్టింటికి వచ్చినట్టుండాలని కామేశ్వరి పట్టుదల. ఎనిమిదింటికి వాళ్లను తీసుకుపోయే బండి వస్తుంది. ఈలోగా పూజ, కథ, వాయనాలు అన్నీ ముగియాలి. ఒక్క ముత్తయిదువ వాయనం అందుకోకుండా బండెక్కినా కామేశ్వరి ఏడాదంతా కుమిలిపోతుంది. ఇదీ నా చేతిలో పెట్టిన బరువు.

ఒక బల్బు కొనడానికి వెళ్లాను. దుకాణంవాడు స్మార్టు లైట్ల గది తలుపు తీశాడు. అంతే, పాఠకులారా! నెయ్యి చూసిన పిల్లికి నిగ్రహం ఉండవచ్చు, నాకు లేదు. మనిషి అలికిడికి వాటంతటవే వెలుగుతాయట. అలికిడి లేకపోతే ఆరుతాయట. ఫోనుతో చెబితే రంగులు మారుస్తాయట. ఒక్కటే నియమం: గోడమీది స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంచాలి. ఎవరైనా కట్టేస్తే ఎంత తెలివైన బల్బైనా ఉత్త గాజుబుడ్డి.

ఇక్కడే వచ్చింది చిక్కు. గది దాటుతూ స్విచ్చు కట్టని చెయ్యి మా వంశంలోనే లేదు. నిద్రలో నడిచినా సరే, కట్టే నడుస్తాము. ఈ అలవాటును మాన్పడం ఎలాగని ఆలోచించి, ఒక సిద్ధాంతానికి వచ్చాను: స్విచ్చే లేకపోతే కట్టేదెవరు?

పనికి మల్లేశాన్ని పిలిచాను. జగిత్యాల వైపువాడు, కట్టడం పనిలో ఉన్నాడు, తీరిక దొరికితే కరెంటు పనీ చేస్తానంటాడు.

"దుబాయికి వచ్చినకాడికెల్లి చెయ్యని పని లేదు సారు," అన్నాడు. ఆయన లెక్కలో బహ్రెయినూ దుబాయే.

"స్విచ్చులన్నీ పీకెయ్యి, మల్లేశం. చోట్లు మూతలతో మూసెయ్యి."

"పీకుడే గద సారు! పీకుడు నాకు మస్తు అలవాటు. పెట్టుడే జెర లేటయితది."

స్విచ్చులన్నీ పీకి, బల్బుల తీగలు నేరుగా కలిపి, అలికిడిని పసిగట్టే చిన్న పరికరం చేతికి తీసుకున్నాడు.

"ఈ కన్ను ఏడ పెడుదం సారు? నడిమిట్లనా?"

"బ్రహ్మస్థానంలో మేకు దిగేస్తావా! విద్యుత్తు అగ్నిస్వరూపం. అగ్నికి ఆగ్నేయం. ఆ మూల పెట్టు."

"గట్లయితే ఇంక మంచిగాయె. నడిమిట్లకైతే నిచ్చెన తేవాలె, మూలకైతే కుర్చీ సాలు." వాస్తుశాస్త్రమూ బద్ధకమూ ఇంత చక్కగా ఏకీభవించడం నేనెక్కడా చూడలేదు. "మనిషి కదలకుంటే ఎంతసేపటికి బందు కావాలె సారు?"

"అన్నిటికన్న తక్కువ ఎంత ఉందో అంత. పొదుపు, నాయనా, పొదుపు!"

"అయితే ఖలాస్. ఇప్పుడు ఇదంత నా ఫోనుల నడుస్తున్నది. శుక్రవారం పొద్దుగాల వచ్చి మీ ఫోనుల ఎక్కిస్త."

శుక్రవారం పొద్దున్న మల్లేశాన్ని ఓవర్‌టైం అని ఎక్కడో దూరాన ఉన్న కర్జకాన్‌కు పట్టుకుపోయారు. అయినా నేను చలించలేదు. కామేశ్వరి పళ్లాలతో వంటింటికీ హాలుకూ తిరుగుతుంటే దీపాలన్నీ దేదీప్యమానంగా వెలుగుతూనే ఉన్నాయి. బల్బు వెలగగానే పండుగ కాదని అప్పటికి నాకు తెలియదు.

సాయంత్రం ముత్తయిదువులు వచ్చారు. వారిలో అందరికన్న చురుకైనది అమలాపురం దగ్గరి సత్యవతి, ముహర్రఖ్‌లో ఒక ఇంట్లో పని. కామేశ్వరి పూజ ముగించి అందరి చేతుల్లో అక్షతలు పెట్టింది. కథ ముగిసేదాకా అక్షతలు విడవకూడదు, మధ్యలో లేవకూడదు. కథ చెప్పే అర్హత ఆ యింట ఎవరికుందో వేరే చెప్పాలా? గొంతు సవరించుకొన్నాను. నా వాగ్ధాటికి సభ కొయ్యబారిపోయింది. ఒక్క గాజు కదలలేదు, ఒక్క కొంగు జారలేదు. "ఆహా, ఇదీ శ్రోతృబృందం!" అని నేను లోలోపల పొంగిపోతుండగా లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

అమ్మవారి ముందు రెండు కుందులు మాత్రం మినుకుమంటున్నాయి.

"అయ్యో, దీపాలు..." అన్నదెవరో.

"ఆ మాట అనకమ్మా! దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. ఆరినవి ఆయనగారి బల్బులు," అన్నది కామేశ్వరి. "ఆయనగారి" అన్నచోట కొంచెం ఒత్తి పలికింది.

"కరెంటు పోయిందాండీ పిన్నిగారూ?" అన్నది సత్యవతి. "ఏసీ తిరుగుతానే ఉందికదండీ!" గోడకు ఆనుకొని కూర్చున్నదేమో, కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి తడిమింది. "ఇదేంటండీ బాబాయిగారూ, గోడ నున్నగా ఉంది? స్విచ్చులేవండీ?"

"స్విచ్చులు లేవమ్మా. ఇది ఆధునిక గృహం," అన్నాను గంభీరంగా.

"ఆయ్. మా తాతగారింట్లో కూడా ఉండేవి కాదండీ. కరెంటు రాకముందు."

చీకట్లో నవ్వులు గలగలమన్నాయి. నేను మల్లేశానికి ఫోను చేశాను. అవతల కాంక్రీటు కలిపే యంత్రం హోరు.

"మల్లేశం! లైట్లు ఆరిపోయాయి!"

"ఆగుండ్రి సారు, ఈడికెల్లి ఒత్తుత."

హాలంతా నీలంగా మారింది. ముత్తయిదువులందరూ చెరువులోంచి తేలివచ్చినట్టున్నారు.

"నీలం వచ్చింది, నాయనా!"

"అరె! ఇప్పుడు?"

"ఎర్రగా అయింది!"

"ఎరుపు అమ్మవారికి మంచిదే గద సారు?"

తరువాత ఎరుపూ పచ్చా ఒకదాన్నొకటి తరుముకుంటూ టపటప కొట్టుకోసాగాయి. మా హాలు తిరునాళ్లలో రంగులరాట్నమైపోయింది. "మల్లేశం, ఆపు! మామూలు తెలుపు చాలు!" అని అరిచాను. తెలుపు వచ్చింది. మరుక్షణం అదీ పోయింది.

"కన్నుకు ఎవ్వలు కనవడ్తలేరు సారు. అది మూలకు గద ఉన్నది. దాని ముంగట ఎవలన్న కదులుతుండాలె. అయ్యో, సూపర్‌వైజర్ వచ్చిండు, యల్లా యల్లా అంటున్నడు, ఉంట సారు!"

"నేను నిలబడతానండీ పిన్నిగారూ," అన్నది సత్యవతి.

"అక్షతలు పట్టుకున్నదానివి, కథ మధ్యలో లేస్తావా? కూర్చో," అని, కామేశ్వరి నావైపు తిరిగింది. "ఏమండీ, బండి వచ్చేస్తుంది. కథ సగంలో ఉంది. మీకు కథ నోటికి వచ్చును. అక్షతలు మీ చేతుల్లో లేవు."

ఇంతకన్న స్పష్టమైన శాసనం ఏ రాజూ వేయించి ఉండడు. ఆగ్నేయ మూలకు వెళ్లి, భుజంమీది పట్టు ఉత్తరీయం తీసి, ఆ కన్ను ఎదుట విసరడం మొదలుపెట్టాను. వెలుగు వచ్చింది. కథ సాగించాను. సముద్రంలో దారితప్పిన పడవవాడు ఒడ్డును కేకవేస్తున్నట్టుంది నా వాలకం. సమాసం పొడుగైతే చెయ్యి ఆగేది. చెయ్యి ఆగితే వెలుగు పోయేది. నా జీవితంలో మొట్టమొదటిసారి పొట్టి పొట్టి మాటల్లో కథ చెప్పాను.

"చెయ్యి మార్చండి బాబాయిగారూ, నెప్పెడుతుంది!"

"కొంచెం ఎగరండి, పూలదండమీద నీడ పడుతుంది!"

ఎగిరాను. కామేశ్వరి మొదట పళ్లు బిగపట్టింది, తరువాత పెదవులు బిగపట్టింది, చివరికి కొంగు నోటికడ్డం పెట్టుకొని కన్నీళ్లు వచ్చేట్టు నవ్వింది. కథ ముగిసింది, అక్షతలు పడ్డాయి. నేను విసురుతూనే ఉండగా, బండి హారను మోగేలోగా ఒక్కొక్క ముత్తయిదువా వాయనం అందుకొన్నది. ఒక్కరూ మిగల్లేదు.

గుమ్మందాకా వెళ్లిన సత్యవతి గిరుక్కున వెనక్కి తిరిగింది. "అమ్మవారికి ఇంతసేపు చామరం వేసిన బాబాయిగారికి వాయనం ఇవ్వరాండీ పిన్నిగారూ?"

అందరూ ఆగారు. కామేశ్వరి నిజంగానే పళ్లెం పట్టుకొని నా ఎదుట నిలిచింది. నానబెట్టిన శనగలు, తాంబూలం, ఆకుపచ్చని రవికెల గుడ్డ.

"ఇస్తినమ్మ వాయనం."

నేను ఎడమచేత్తో ఉత్తరీయం విసురుతూ, కుడిచెయ్యి చాపి, "పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నాను.

"నా వాయనం అందుకొన్నదెవరు?"

దీనికి జవాబు ఒక్కటే. వేల ఏళ్ల సంస్కృతమూ, నా మీసాలూ, ఏవీ అడ్డుపడలేదు. ముత్తయిదువులందరూ వింటుండగా సవినయంగా చెప్పాను.

"నేనమ్మా, వరలక్ష్మీదేవిని."

నవ్వుకు మెట్లన్నీ మారుమోగాయి. కింద బండివాడు హారను కొట్టడం మానేసి పైకి చూశాడట.

కనుక చేతనున్న శనగలు సాక్షిగా నాడు నేను చేసిన శపథం ఇది: ఇకమీదట నా ఇంట ప్రతి గోడకూ స్విచ్చు ఉండును, గది దాటునపుడెల్ల దానిని స్వహస్తంతో కట్టుదును, ఒక బల్బు తెమ్మన్నచో ఒక్క బల్బే తెత్తును, విద్యుత్తుకు వాస్తు చూడను. ఆ రవికెల గుడ్డను మాత్రం కామేశ్వరి ఎన్నిసార్లు అడిగినా తిరిగి ఇవ్వను. అది నా కష్టార్జితం.