నల్లసంచిలో రెండు చేతులు

పోయిన మంగళవారం మా కెమెరా మాస్టారు పోయారు. ఢిల్లీ ద్వారకలోని ఫ్లాటు నుంచి ఆయన కొడుకు ఫోను చేశాడు. అతనికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. "పాపా నహీ రహే, అంకుల్" అన్నాడు. "అచ్ఛా" అన్నాను.

మీరెవరూ ఆయన్ను ఎరగరు. పెళ్ళిళ్ళు, ఆఫీసు సభలు, పాస్‌పోర్టు ఫొటోలు తీసి బతికిన మనిషి. ఫొటో దిగేవాళ్ళను నవ్వమని అడిగేవారు కాదు. "నవ్వమంటే పళ్ళొస్తాయబ్బాయ్, నవ్వు రాదు" అనేవారు. జియా సరాయ్‌లో అద్దెగదిలో ఉండి పని వెతుక్కుంటున్న నాకు కెమెరా పట్టుకోవడం నేర్పారు. బాగానే తిట్టేవారు కూడా. తిట్టిన రోజు టీ ఆయనే కాచేవారు.

తొంభైల్లో గుర్గావ్ కంపెనీ ఒకటి, జర్మనీలో తమకు బహుమతి ఇచ్చే సభకు మా ఇద్దర్నీ తీసుకెళ్ళింది. అది నా మొదటి విదేశీ పని. యజమాని బహుమతి అందుకుంటున్న ఫొటోలు నా కెమెరాలోనే ఉన్నాయి. మాస్టారు అతిథుల వైపు తీశారు. ఫిల్ము రోలు పూర్తికాలేదని నేను కెమెరాలోనే ఉంచేశాను.

ఆ రోజుల్లో ఢిల్లీ విమానాశ్రయంలో చేతిసంచిలో బ్యాటరీ సెల్లు ఉంచుకోనిచ్చేవారు కాదు. అందుకని అన్నీ తీసి పెద్ద పెట్టెలో వేయడం మాస్టారి ఆచారం. తిరుగు ప్రయాణంలోనూ అలాగే చేశాం. పెట్టెలు వెళ్ళిపోయాక, జర్మనీ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర ఆఫీసరు నా కెమెరా చేతికిచ్చి నొక్కి చూపించమన్నాడు. సెల్లు లేని కెమెరా ఏం పలుకుతుంది? అయితే వెనక తలుపు తెరవమన్నాడు. తెరిస్తే వెలుతురు పడి ఫిల్ము పాడవుతుంది. ముందే ఫిల్మును దాని డబ్బాలోకి వెనక్కి చుట్టేద్దామంటే దానికీ సెల్లే కావాలి. ఆ రోలు పోతే ఢిల్లీలో మళ్ళీ నన్ను పనికి పిలిచేవాడుండడు.

"తప్పు నాదబ్బాయ్. ఊరు మారితే ఆచారం మారుద్దని తట్టలేదు" అన్నారు మాస్టారు.

భుజానున్న సంచిలోంచి నల్లగుడ్డ సంచి తీశారు. చేతులు దూర్చడానికి, వెలుతురు చొరకుండా రబ్బరుతో బిగిసే రెండు గొట్టాలుంటాయి దానికి. బయట తిరిగేటప్పుడు మాకదే చీకటిగది. దాన్ని చూసి ఆఫీసరుకు అనుమానం ఇంకా పెరిగింది. మాస్టారు కెమెరా అందులో పెట్టి, ఒక గొట్టంలో తన చెయ్యి దూర్చి, రెండోది ఆఫీసరు వైపు తిప్పారు.

"సర్, యువర్ హ్యాండ్ ఆల్సో కమ్."

ఆఫీసరు చేతిగడియారం తీసి పక్కన పెట్టి, చెయ్యి దూర్చాడు. మాస్టారు లోపల తలుపు తెరిచి అంతా తడిమించారు. "ఓన్లీ ఫిల్మ్, సర్." ఆఫీసరు తలూపి చెయ్యి తీసేశాడు. అప్పుడు మాస్టారు రెండు చేతులూ దూర్చి, కళ్ళు మూసుకుని, ఫిల్మును వేళ్ళతోనే డబ్బాలోకి చుట్టారు. వెనక వరుస పెరిగి జనం గొణుగుతున్నారు. ఆయన తొందరపడలేదు.

ఢిల్లీ వచ్చి కడిగితే ఫొటోలన్నీ నిక్షేపంగా వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఫొటోల వల్లే నాకు పనులు వచ్చాయి. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ఫోను పెట్టేశాక, చెడిపోయిన ఆ ఒక్క నెగెటివ్ వెతికి కిటికీ వెలుతురుకు పెట్టాను. బహుమతి అందుకుంటున్న యజమాని ముఖానికి అడ్డంగా ఫిల్ము చుట్టిన మాస్టారి చెమట చేతి బొటనవేలి ముద్ర, గీతలతో సహా. నాకు ఏడుపొచ్చింది. నా బొటనవేలు దాని పక్కన పెట్టి చూశాను. ఆయనది పెద్దది.