కోళ్ళగంప కింద నా గొంతు

కోళ్ళగంప బరువు ఎంతుంటుంది? వెదురుబద్దలతో అల్లిన గంప. ఒంటి చేత్తో ఎత్తి పక్కన పెట్టొచ్చు. నేను దాన్ని కొన్నేళ్ళుగా మోస్తున్నాను. దించే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనుకే మీ ముందు దించుతున్నాను. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

నలభై దాటాక పలక పట్టినదాన్ని. రాసేటప్పుడు ఇప్పటికీ తడుముకుంటాను. చుట్టూ తిప్పి చెప్పడం చేతకాదు. అందుకని ముందే చెప్పేస్తాను. ఒక పెద్దాయన తన మాట ఎవరూ వినడం లేదనుకుంటూ పోయారు. వింటున్నారని నాకు తెలుసు. చెప్పలేదు. చెప్పకపోవడం ఒకటే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. ఎవరూ వినడం లేదని ఆయన్ని నమ్మించినదాన్ని నేనే.

మా ఊళ్ళో చిన్న రేడియో స్టేషన్ ఉంది. కొత్తపేట వైపు నాలుగూళ్ళకీ, ఏటి మధ్యనున్న లంకలకీ తప్ప ఇంకెక్కడికీ వినపడదు. మాట్లాడేవాళ్ళు ఊరివాళ్ళే. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఒక అరగంట నాది. పేరు ‘అరుగు మీద కబుర్లు’. చంటిపిల్లల జ్వరాలు, పింఛను కాగితాలు, ఆవకాయకు బూజెందుకు పడుతుంది, ఇలాంటివి. పొద్దున్నే వెళ్ళి, కాగితం చూసి చదివి, రికార్డు చేసి వచ్చేదాన్ని. సాయంత్రం వేసేవారు.

నాది అయ్యాక నూకరాజు అన్నయ్యగారి ‘ఏటి కబురు’. ఒళ్ళు సాగినన్నాళ్ళూ రేవులో నావ నడిపిన మనిషి ఆయన. చదువు లేదు. సాయంత్రం వచ్చి మైకు ముందు కూర్చుని అప్పటికప్పుడు మాట్లాడేవారు. ఏట్లో నీరెంతుంది, వరద ఎర్రనీరు తగిలిందా, రేపు నావ నడుస్తుందా లేదా, ఎవరి దూడ ఈదుకుంటూ ఏ లంకకి చేరింది. మధ్యలో గోదారిని తిట్టేవారు, కొంటె మరదల్ని తిట్టినట్టు. చేతిలో కాగితం ఉండేది కాదు. ఆ సంగతి నాకు అప్పుడే గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో తెలుసుకోవడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత యాప్ వచ్చింది. రేడియో సెట్టు కొనేవాళ్ళు తగ్గిపోయారు. గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు మన మాట వింటామన్నా మన గాలి అంత దూరం పోదు. అందుకని స్టేషన్ వాళ్ళు మాకోసమే ప్రత్యేకంగా ఒక యాప్ చేయించారు. ఫోన్లో నొక్కితే చాలు, మస్కట్‌లో ఉన్నా మా మాట వినపడుతుంది. మంచి పనే. కానీ అందులో ఒక అంకె కూడా పడుతుంది. ఏ అరగంట ఎంతమంది విన్నారు, ఎంతసేపు విన్నారు. అంతకుముందు మాకు ఆ దిగులే లేదు. మాట గాలిలోకి వదిలేసి ఇంటికి పోయేవాళ్ళం.

నాకు మూడో నాలుగో పడేది. నాకు రోషం వచ్చింది. మా వీధిలో అరుగు మీద ఆడవాళ్ళంతా ఒక్క ఫోను చుట్టూ చేరి వింటారు. యాప్ మాత్రం వాళ్ళందరినీ ఒక్కరుగా లెక్కేస్తుంది. ఇదేం న్యాయం? అన్నయ్యగారికి చాలా రోజులు సున్నాయే. లంకల్లో ఫోన్ సిగ్నలే అందదు. అక్కడివాళ్ళవి బ్యాటరీ రేడియోలు. రేడియోలో విన్న మనిషికి ఆ యాప్‌లో లెక్క లేదు. ఆయనకి ఇదంతా అర్థం కాలేదు. నాకు బాగా అర్థమైంది. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు స్టేషన్ చూసుకునే మేడమ్ గారు మాకిద్దరికీ చెప్పారు. స్టేషన్‌కి సాయం చేసేవాళ్ళు అంకెలు చూస్తున్నారట. ఈ నెలాఖరుకి సాయంత్రం రెండిట్లో ఒకటే ఉంటుందట. రెండోదాని చోట పాటలు వేస్తారట.

ఆ అరగంట రాకముందు నన్ను ఎవరూ గారు అని పిలవలేదు. వేలిముద్ర వేసే చెయ్యి సంతకం పెట్టడం నేర్చుకుంటే ఊరు మెచ్చుకుని మర్చిపోయింది. రేడియోలో చదివాకనే మనిషినయ్యాను. అది పోతే?

మా వీధి ఆడవాళ్ళని అడిగాను. ఒక్క ఫోన్లో వినకండే, ఎవరి ఫోన్లో వాళ్ళు పెట్టుకోండి అని. అక్కడిదాకా తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ పొయ్యి దగ్గర పనుంటుంది, పిల్లలుంటారు. మరిచిపోయేవారు. అప్పుడు అన్నాను, ఫోన్లు నా దగ్గర పడేసి పొండి, ఓ అరగంటలో పట్టుకెళ్ళండి అని. ఇచ్చారు. “మా ఫోన్ని కూడా పొదిగిస్తావేంటి పిన్నీ, పిల్లలు పెడితే మాక్కూడా చెప్పు” అని ఒకామె నవ్వింది. ఎందుకంటే నేను వాటిని వరసగా పేర్చి, అన్నిట్లో యాప్ తెరిచి, పైన కోళ్ళగంప బోర్లించి, గోనె కప్పేదాన్ని. వీధిలోకి వినపడకుండా.

మీరెప్పుడైనా మీ గొంతు అన్ని నోళ్ళతో విన్నారా? ఫోన్లు అన్నీ ఒక్కసారి పలకవు. ఒకటి ముందంటుంది, ఇంకొకటి దాని వెనక, మరొకటి ఇంకా వెనక. చంటిపిల్లకి జ్వరమొస్తే, జ్వరమొస్తే, మొస్తే. గంప కింద నా మాటే నా మాటని తరుముతున్నట్టు ఉండేది. వినేవాళ్ళు లేరు. కోళ్ళు కూడా గోడవార కూర్చుని అటు రాలేదు.

ఇంతవరకే అయితే దీన్ని గడుసుతనం అని సరిపెట్టుకునేదాన్ని. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

నా అరగంట అవగానే ఆయన అరగంట. ఫోన్లు అలాగే వదిలేస్తే ఆయనకీ అంతే అంకె పడుతుంది. నాకు శ్రమ కూడా లేదు, ఊరికే ఉంటే చాలు. ఊరికే ఉండలేదు. నా ఆఖరి మాట కాగానే గోనె తీసి, గంప ఎత్తి, ఒక్కొక్క ఫోన్లో యాప్ మూసేసేదాన్ని. ఆయన “ఆయ్, లంకోళ్ళందరికీ నమస్కారవండి” అనేలోపు అన్నీ మూసేయాలి. రోజూ అంతే. ఆలస్యమైపోతుందేమోనని ఒకటే ఆత్రం. అంత ఆత్రం నాకు నా పిల్లల ఆకలికి కూడా ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు ఒక ఫోను గంప అంచు కిందనుంచి గోనె మడతలోకి జరిగిపోయింది. చూసుకోలేదు, ఆ ఫోను మనిషి కూడా ఆలస్యంగా వచ్చింది. అది ఆయన అరగంటా పలికింది.

మర్నాడు స్టేషన్ మెట్ల మీద నాకోసం కూర్చుని ఉన్నారు. పొద్దున్న ఆయనకి అక్కడ పని లేదు.

“చెల్లెమ్మా, నిన్న ఒకరు విన్నారంట. మేడమ్ గారు చూపించేరు.”

“అలాగాండీ అన్నయ్యగారూ.”

“ఆయ్. మొదట్నించీ ఆఖరిదాకానంట. మజ్జిలో లేచిపోలేదంట. ఎవరంటావ్?”

“ఏమోనండి.”

“మస్కట్‌లో మా పిల్లకి ఫోన్ చేసి అడిగేను. నేను కాదు నాన్నా, డ్యూటీలో ఉన్నానంది. లంకోళ్ళకా ఈ ఫోన్లు లేవు. ఎవరో చదువుకున్నోళ్ళే అయ్యుంటారు. నిన్న గోదార్ని నానా మాటలూ అన్నాను కూడానూ! ఏవనుకున్నారో ఏవో. ఈ రోజునించి కాస్త మర్యాదగా మాటాడాలి.”

నవ్వారు. నేనూ నవ్వాను.

“నువ్వు చదువుకున్నదానివి. ఆ మనిషెవరో కాస్త కనుక్కో చెల్లెమ్మా.”

“అలాగేలెండి.”

“ఇయ్యాల కూడా వింటారంటావా?”

“వింటారులెండి.”

ఆ సాయంత్రం ఒక ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మిగతావన్నీ మూసేశాను. ఈ ఒక్కటి వదిలేస్తే ఏం పోతుంది? ఒక్క అంకెతో నా అరగంట పోదు. ఆ లెక్క నాకు తెలుసు. ఆయన గొంతు మొదలైంది. నిజంగానే మర్యాదగా మాట్లాడుతున్నారు. “దయచేసి వినండి” అన్నారు. ఆ మాట ఎప్పుడూ అనేవారు కాదు. మూసేశాను.

ఎందుకు? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. భయమా? భయం అయితే ఆ ఒక్కదానికి పడనక్కర్లేదు. అసూయే. ముసుగేసి లాభం లేదు. నేను కళ్ళు పొడుచుకుని నేర్చుకున్న అక్షరం ఆయనకి అక్కర్లేకపోయింది. అది లేకుండానే జనం చెవులు ఆయనవైపు తిరిగేవి. చెల్లెలు ఇంటికి లంకకి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. రావులపాలెం పోయే అరటిగెలలు పడవలోకి మోసే మనుషులు, సైకిలుకి కట్టిన రేడియోలో ఆయన గొంతు రాగానే గెల భుజం మీదే ఉంచుకుని నిలబడిపోవడం. నా అరగంటకి ఎవరూ అలా నిలబడలేదు.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చారా? రాలేదు. సాయంత్రం అంకె చూపించమని మేడమ్ గారిని అడగనూ లేదట. ఆ ఒక్కరూ మళ్ళీ రాలేదని తేలుతుందని జంకారేమో.

నెలాఖరున మేడమ్ గారు నన్నే అడిగారు. “మీరు లంకకి వెళ్తూ ఉంటారు కదండీ, అక్కడ ఏటి కబురు వింటున్నారా?” ఆమెకి ఆయన్ని తీసేయడం ఇష్టం లేదు. నా నోట ఒక్క మాట కోసం చూశారు. “ఈ మధ్య ఎవరూ పెట్టుకోవడం లేదండి” అన్నాను.

ఆయన గొడవ చేయలేదు. “ఎవరూ వినకపోతే ఎందుకండి, కరెంటు దండగ” అన్నారట. కొన్నాళ్ళు అదే వేళకి వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చునేవారు. లోపల పాటలు వస్తుండేవి. తర్వాత రావడం మానేశారు. లంకవాళ్ళు రేవులో కనపడి, “ఏటి కబురాయన ఏవయ్యేడండీ?” అని అడిగేవారు. ఒంట్లో బాగోలేదని చెప్పేదాన్ని. వాళ్ళు అడుగుతున్నారన్న మాట ఒక్కరి ద్వారానైనా ఆయన ఇంటికి చేరలేదా? చేరకుండా నేనే చూశాను. పలకరించడానికి వెళ్ళకండి, విసుక్కుంటున్నారు అనేదాన్ని.

పోయిన ఏడాది ఆయన పోయారు. కూతురు మస్కట్ నుంచి వచ్చింది. నన్ను చూసి నా చేతులు పట్టుకుంది.

“మిమ్మల్నే తలుచుకునేవోరు అత్తయ్యగారూ. నన్నొక్కరు విన్నారే, ఎవరో చెల్లెమ్మ కనుక్కుంటానంది అనేవోరు. తెలిసిందాండీ?”

తెలియలేదమ్మా అన్నాను. శవం పక్కన నిలబడి కూడా అదే మాట.

ఏం చెప్పను? విన్నది మనిషి కాదమ్మా, కోళ్ళగంప అని చెప్పనా? అది చెబితే ఆయనకి మిగిలిన ఆ ఒక్కరూ పోతారు. ఆ ఒక్కర్ని కాపాడుతున్నాననుకుని కొన్నాళ్ళు నన్ను నేను మోసం చేసుకున్నాను. ఆ ఒక్కరి వెనక నిలబడి ఉన్న లంకంతటినీ దాచినది నేనే కదా.

నా అరగంట ఇంకా ఉంది. పొద్దున్నే వెళ్ళి చదివి వస్తున్నాను. మానేస్తే తప్పు చెరుగుతుందా? చెరగదు. ఇప్పుడు ఫోన్లు ఎవరినీ అడగడం లేదు. మూడో నాలుగో పడుతోంది. గంప చూరుకి వేలాడదీశాను. కోళ్ళని గదిలో మూస్తున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు ఎలా క్షమిస్తారు, ఆ రేవు మీది కాదు. ఒక్క మాట మాత్రం రాసి ఆపుతాను. ఆయనకి ఆ మెట్ల మీద, ఆ పొద్దున్న చెప్పవలసిన మాట. నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయిన మాట.

అన్నయ్యగారూ, లంకలో మిమ్మల్ని వింటున్నారండి. గెలలు భుజాన పెట్టుకుని నిలబడి వింటున్నారు. నేను చూశాను.